ఐఎల్-2: ఎక్కువిస్తే క్యాన్సర్‌కి, తక్కువిస్తే లూపస్‌కి. ఒకే మందు రెండు ఎదురెదురు పనులు ఎలా చేస్తుంది?

#1 సెమినార్_తిప్పలు

అందరికీ నమస్కారం. బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేస్తున్నాను. సెమినార్‌కి ఇంటర్‌ల్యూకిన్-2, అంటే ఐఎల్-2, తీసుకున్నా. 133 అమినో ఆమ్లాల చిన్న ప్రొటీనే కదా, రెండు సాయంత్రాల్లో తేలిపోతుందనుకున్నా. ఇప్పుడు తల పట్టుకుని కూర్చున్నా.

ఒకచోట ఏం రాశారంటే, ఇది రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలను పెంచుతుంది, అందుకే అమెరికా ఎఫ్‌డీఏ 1992లో ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కి, 1998లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి ఆమోదించింది అని. ఇంకోచోట ఇదే మందును కొద్దికొద్దిగా ఇస్తే లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే ఒంటి రక్షణ కణాలు ఒంటి మీదే తిరగబడేవి, శాంతిస్తున్నాయని రాశారు. మరీ విచిత్రం, ఐఎల్-2 జన్యువు తీసేసిన ఎలుకలు. రోగనిరోధక శక్తి లేక ఇన్ఫెక్షన్లతో పోవాలి కదా? వాటికి పెద్దపేగు వాచి, ఒంటి మీద ఒళ్లే తిరగబడింది.

మా మేడమ్‌ని అడిగితే "అంతా డోసులోనే ఉంది" అన్నారు. డోసు తగ్గితే పని తగ్గాలి గానీ తిరగబడడం ఏమిటండీ?

#2 లింఫోసైట్

మీ మేడమ్ చెప్పింది నిజమే, కానీ సగమే. మిగతా సగం రిసెప్టర్‌లో ఉంది.

ఐఎల్-2ని పట్టుకునే రిసెప్టర్‌కి మూడు భాగాలు. ఆల్ఫా, అంటే సీడీ25. బీటా, అంటే సీడీ122. గామా, అంటే సీడీ132. కణం లోపలికి కబురు పంపేది బీటా, గామాలే. ఆల్ఫాకి ఆ పని చేతకాదు, అణువును ఒడిసి పట్టుకోవడమే దాని పని. కానీ ఆ పట్టు ముఖ్యం: మూడూ ఉన్న కణం, బీటా-గామా మాత్రమే ఉన్న కణం కన్నా దాదాపు వంద రెట్లు గట్టిగా ఐఎల్-2ని పట్టుకుంటుంది.

ఇప్పుడు ఏ కణం మీద ఏముందో చూడండి. రెగ్యులేటరీ టీ కణాలు, అదే మిగతా టీ కణాలను అదుపులో పెట్టే ట్రెగ్‌లు, మూడు భాగాలనూ ఎప్పుడూ పైన పెట్టుకునే ఉంటాయి. విశ్రాంతిలో ఉన్న మెమరీ సీడీ8 కణాల మీదా, ఎన్‌కే కణాల మీదా, అంటే చంపే పని చేసే కణాల మీద, ఎక్కువగా ఉండేది బీటా-గామాలే. కుళాయి సన్నగా కారుతుంటే సరిగ్గా కింద బిందె పెట్టినవాళ్లకే నీళ్లు దొరుకుతాయి, వాన కురిస్తే వాకిట్లో ఉన్న గిన్నెలన్నీ నిండుతాయి. కొద్ది ఐఎల్-2 ట్రెగ్‌లకే దక్కుతుంది, ముంచెత్తితే అందరికీ అందుతుంది.

లోపలికి వెళ్లే సంకేతం మాత్రం అన్నిట్లోనూ ఒకటే: జాక్1, జాక్3, వాటి తర్వాత స్టాట్5 అనే ప్రొటీన్లు. ఐఎల్-2 "చంపు" అనీ అనదు, "ఆగు" అనీ అనదు. "బతుకు, పెరుగు" అంటుంది, అంతే. పెరిగిన కణం తన సహజమైన పని తాను చేసుకుంటుంది.

ఎలుకల సంగతికి వస్తే, ట్రెగ్‌లు సొంతంగా ఐఎల్-2 తయారుచేసుకోలేవు. వాటిలోని ఫాక్స్‌పీ3 అనే ప్రొటీన్ ఆ జన్యువును మూసేస్తుంది. ఉత్తేజితమైన పక్క టీ కణాలు వదిలేదాని మీదే వాటి బతుకు. ఐఎల్-2 లేని ఎలుకలో ముందు కుదేలయ్యేవి ట్రెగ్‌లే, కాబట్టి అదుపు పోతుంది. మిగతా టీ కణాలకు ఐఎల్-7, ఐఎల్-15 లాంటి వేరే ఆధారాలు ఉన్నాయి.

#3 మూలన_కూర్చున్నా

లూపస్ ఉన్నదాన్ని, అందుకే ఈ చర్చ వదలను. కొనసాగించండి.

#4 సెమినార్_తిప్పలు

లింఫోసైట్ గారూ, చాలా థాంక్స్. నోబెల్ 2025 దీని గురించేనా?

#5 లింఫోసైట్

దీని చుట్టూ తిరిగేదే. షిమొన్ సకగుచి 1995లో ట్రెగ్‌లను వేరుచేసి చూపించింది సీడీ25 గుర్తుతోనే, అంటే ఐఎల్-2 రిసెప్టర్ ఆల్ఫాతోనే. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకున్నారు. ముగ్గురికీ కలిపి ఇచ్చారు.

గమనించాల్సిందేమిటంటే, ఐఎల్-2 క్యాన్సర్ మందుగా 1992లో ఆమోదం పొందేనాటికి ట్రెగ్‌ల సంగతి ఎవరికీ తెలియదు. దాన్ని టీ కణాల ఎరువుగానే చూశారు. ఎరువు కలుపు మొక్కలకీ పడుతోందని తర్వాత తెలిసింది.

#6 ఆధారం_చూపండి

సిద్ధాంతం బాగుంది. కానీ క్యాన్సర్‌లో ఇది పనిచేసింది ఎంతమందికి? నూటికి పదిహేను మందికి. మిగతా ఎనభై అయిదు మందికి ఐసీయూ అనుభవం మిగిలింది. దీన్ని విజయం అనాలా?

#7 రాత్రిడ్యూటీ

ఐసీయూ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నేను నర్సుని. కొన్నేళ్లు హై-డోస్ ఐఎల్-2 ఇచ్చే యూనిట్‌లో చేశాను.

కిలో బరువుకి 6 లక్షల యూనిట్లు, పావుగంటలో నరంలోకి, ఎనిమిది గంటలకోసారి. ఎక్కువలో ఎక్కువ 14 డోసులు, తర్వాత తొమ్మిది రోజులు విశ్రాంతి, మళ్లీ 14. కాగితం మీద అంతే. 14కి 14 పూర్తిచేసినవాళ్లు మా యూనిట్‌లో అరుదు.

చేరిన రోజే ఉంగరాలు, గాజులు తీయించేసేవాళ్లం. రెండ్రోజుల్లో వేళ్లు వాచిపోతాయి, తర్వాత కట్ చేయాల్సి వస్తుంది. మొదటి డోసు పడ్డ కాసేపటికి వణుకు. మామూలు చలిజ్వరం కాదు, మంచం చప్పుడు చేసేంత వణుకు. వణుకు ఆపే పెథిడిన్ సిద్ధంగా పెట్టుకునేవాళ్లం. ఆ తర్వాత బీపీ జారడం. రక్తనాళాల గోడలు వదులై నీరు కణజాలంలోకి కారిపోతుంది, క్యాపిల్లరీ లీక్ అంటారు. సెలైన్ ఎక్కిస్తే బీపీ కాసేపు నిలబడుతుంది గానీ ఆ నీరూ బయటికే కారుతుంది, ఊపిరితిత్తుల్లో చేరుతుందేమోనని మరో టెన్షన్. యూరిన్ తగ్గుతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది, బరువు చూస్తే ఐదారు కిలోలు ఎక్కువ.

ప్రతి ఎనిమిది గంటలకీ ఒకే ప్రశ్న: ఈ డోసు ఇవ్వాలా, ఆపాలా? బీపీ చార్ట్ చూసి చెప్పడం సులువు. మనిషిని చూసి చెప్పడమే కష్టం. పెద్దాయన ఒకరు అన్నిటికీ సరిగ్గానే జవాబులు చెప్పేవారు, ఇవాళ ఏ వారం, ఎక్కడున్నారు, అన్నీ. కానీ వాళ్లావిడ "ఈయన ఇలా విసుక్కోరమ్మా ఎప్పుడూ" అంది. డాక్టర్‌కి చెప్పి ఆ డోసు ఆపించాం. సాయంత్రానికల్లా గోడ మీద లేని బొమ్మలు చూపించడం మొదలుపెట్టారు. మెదడు మీద ప్రభావం మొదట విసుగుగానే బయటపడుతుంది చాలామందిలో. ఆపేశాక కొన్ని రోజుల్లో మామూలైపోయారు.

ఇంకోటి, స్టెరాయిడ్ ఇస్తే ఇవన్నీ త్వరగా తగ్గుతాయి. కానీ ఇవ్వం. మందు చేసే మంచి పని కూడా పోతుందని.

#8 ఆధారం_చూపండి

రాత్రిడ్యూటీ గారూ, ఇంత వివరంగా రాసినందుకు దండం. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

#9 ట్యూమర్‌బోర్డ్

మెడికల్ ఆంకాలజిస్టుని. మీ ప్రశ్న న్యాయమైనదే. అంకెలు ఇవీ: కిడ్నీ క్యాన్సర్‌లో ఆమోదానికి ఆధారం 255 మంది, కణితి తగ్గినవాళ్లు సుమారు 15 శాతం. మెలనోమాలో 270 మంది, 16 శాతం. ఆ 270 మందిలో కణితులు పూర్తిగా మాయమైనవాళ్లు 6 శాతం. రెండూ పోలిక గుంపు లేని ఫేజ్-2 ట్రయల్స్ కలిపి చూసినవే. ఇవాళ్టి ప్రమాణాలకు బలహీనమైన ఆధారమే, ఒప్పుకుంటాను.

అయినా ఆమోదించడానికి కారణం ఆ 6 శాతమే. పూర్తిగా మాయమైనవాళ్లలో అత్యధికులకి జబ్బు తిరిగి రాలేదు. ఆ రోజుల్లో ఊపిరితిత్తులకి పాకిన మెలనోమా అంటే నెలల లెక్క. కీమో ఇస్తే కణితి తగ్గేది, మళ్లీ పెరిగేది. ఇక్కడ మాత్రం సర్వైవల్ గ్రాఫ్ కిందికి దిగీ దిగీ ఒకచోట అడ్డంగా తిరిగి అలాగే సాగిపోయింది. క్యాన్సర్ కణాన్ని నేరుగా తాకని మందు, కేవలం రోగి సొంత కణాలతో, పాకిన క్యాన్సర్‌ని తుడిచేయగలదని మనుషుల్లో గట్టిగా చూపించింది ఇదే.

అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో సర్జన్ స్టీవెన్ రోజెన్‌బర్గ్ 1985లో మొదటి 25 మంది ఫలితాలు ప్రచురించారు. 11 మందిలో కణితి తగ్గింది. అప్పుడు రోగి రక్తంలోంచి కణాలు తీసి, ఐఎల్-2లో నానబెట్టి, మళ్లీ ఎక్కించేవారు. ఆ కణాల వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా లేదని తర్వాత తేలి వాటిని వదిలేశారు, ఐఎల్-2 మిగిలింది.

#10 లింఫోసైట్

కొంచెం వెనక్కి వెళ్తే, దీన్ని కనిపెట్టడమే అనుకోకుండా. 1976లో రాబర్ట్ గాలో ల్యాబ్‌లో డోరిస్ మోర్గాన్, ఫ్రాన్సిస్ రుసెట్టి లుకేమియా కణాలను పెంచాలని చూస్తుంటే మామూలు టీ కణాలు పెరుగుతూ పోయాయి. అప్పటిదాకా టీ కణాలను డిష్‌లో ఎక్కువకాలం నిలబెట్టడం ఎవరివల్లా కాలేదు. 1979లో ఇంటర్‌ల్యూకిన్-2 అని పేరు పెట్టారు. 1983లో జపాన్‌లో తదత్సుగు తనిగుచి బృందం జన్యువును క్లోన్ చేసింది. అప్పటిదాకా లీటర్లకొద్దీ కల్చర్ ద్రవం వడకడితే చిటికెడు దొరికేది. జన్యువు చేతికొచ్చాక ఈ.కొలై బ్యాక్టీరియాలో కావలసినంత చేసుకున్నారు. రోజెన్‌బర్గ్ ఇచ్చిన డోసులు అందువల్లే సాధ్యమయ్యాయి.

#11 నాన్నకోసం

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా నాన్నగారికి కిడ్నీ క్యాన్సర్, ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఊపిరితిత్తుల్లో మచ్చలు. డాక్టర్ గారు ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్, దాంతోపాటు రోజూ మాత్రలు మొదలుపెట్టారు. బంధువులు ఒకరు "ఐఎల్-2తో పూర్తిగా నయమైపోతుంది, అది అడుగు" అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. ఐఎల్-2 పెంచే పౌడర్ అని ఇంకొకరు లింక్ పంపారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. సరైన మందు వదిలేస్తున్నామా?

#12 ట్యూమర్‌బోర్డ్

నాన్నకోసం గారూ, కంగారుపడకండి. మీ నాన్నగారి రిపోర్టులు చూడకుండా వైద్యం గురించి చెప్పలేను గానీ, మీరు రాసిన పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా మొదట ఎంచుకునే దారుల్లో ఒకటి. ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్‌తో పాటు యాక్సిటినిబ్, కాబోజాంటినిబ్, లెన్వాటినిబ్ లాంటి మాత్ర ఒకటి ఇస్తారు. లేదా రెండు ఇమ్యూనోథెరపీ మందులు కలిపి ఇస్తారు. ఐఎల్-2 పక్కకి జరగడానికి కారణం ఈ మందులే. ఎక్కువమందికి పనిచేస్తాయి, రాత్రిడ్యూటీ గారు చెప్పిన తంతు ఉండదు. వీటికీ సొంత దుష్ప్రభావాలు ఉన్నాయి, అది వేరే చర్చ.

పైగా హై-డోస్ ఐఎల్-2కి గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు మామూలుగా ఉండాలి. వయసు పైబడినవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు.

పౌడర్ సంగతి: ఐఎల్-2 ప్రొటీన్, మింగితే కడుపులో అరిగిపోతుంది. నరంలోకి ఇచ్చినా రక్తంలో సగానికి తగ్గడానికి గంటన్నర కూడా పట్టదు, అందుకే ఎనిమిది గంటలకోసారి ఇవ్వాల్సి వచ్చింది. పౌడర్ తిని దాన్ని మందు స్థాయికి పెంచడం జరిగే పని కాదు. ఒకవేళ ఏదైనా మూలిక మొదలుపెట్టి ఉంటే దాని పేరు మీ డాక్టర్‌కి తప్పక చెప్పండి, ఆ మాత్రలతో పేచీ పడేవి ఉన్నాయి.

#13 రాత్రిడ్యూటీ

అమ్మా, లేక బాబూ, ఎవరైనా సరే, ఆ మెసేజ్‌లు మ్యూట్‌లో పెట్టెయ్యండి. ఆయన రోజూ బీపీ చూసుకుంటున్నారా? ఆ మాత్రల్లో చాలావాటికి బీపీ పెరుగుతుంది. రాసిపెట్టి డాక్టర్‌కి చూపించండి, అది ఉపయోగపడే పని.

#14 రెండోకిడ్నీ

నేను మీకందరికీ ఎదురుదిక్కు నుంచి వస్తున్నా. నాకు కిడ్నీ మార్పిడి జరిగింది. రోజూ వేసుకునే టాక్రోలిమస్ ఐఎల్-2ని ఆపడానికేనని ఇవాళే అర్థమైంది. ఆపరేషన్ రోజు ఇచ్చిన బాసిలిక్సిమాబ్ కూడా అదే కుటుంబమా?

#15 లింఫోసైట్

అవును, రెండూ ఒకే దారిని వేర్వేరు చోట్ల మూస్తాయి. టీ కణం ఉత్తేజితమైనప్పుడు కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ ఎన్‌ఫ్యాట్ అనే ప్రొటీన్‌ని కేంద్రకంలోకి పంపుతుంది, అది ఐఎల్-2 జన్యువును తెరుస్తుంది. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ ఆ ఎంజైమ్‌ని కట్టేస్తాయి, కాబట్టి ఐఎల్-2 తయారీ పడిపోతుంది. బాసిలిక్సిమాబ్ అలా కాదు, సీడీ25కే అంటుకుని ఐఎల్-2ని దగ్గరికి రానివ్వదు.

ఇందులో చిక్కేమిటంటే, కొత్త కిడ్నీని కాపాడగల ట్రెగ్‌లకి కూడా ఆ ఐఎల్-2 అందదు. మార్పిడి పరిశోధకులకి ఇది చాలాకాలంగా తలనొప్పి. మీ మాత్ర మాత్రం మానకండి సుమా.

#16 ట్యూమర్‌బోర్డ్

అవయవ మార్పిడి అయినవాళ్లకి హై-డోస్ ఐఎల్-2 నిషిద్ధం, లేబుల్ మీదే ఉంది. ఎందుకో ఇప్పుడు అందరికీ అర్థమయ్యే ఉంటుంది.

#17 మూలన_కూర్చున్నా

లూపస్‌కి తక్కువ డోసు అంటే ఎంత తక్కువ? దొరుకుతుందా?

#18 లింఫోసైట్

లెక్క వేద్దాం. డెబ్భై కిలోల మనిషికి హై-డోస్ ఒక్కటి 4.2 కోట్ల యూనిట్లు. రోజుకి మూడు, అంటే 12.6 కోట్లు. తక్కువ డోసు ట్రయల్స్‌లో రోజుకి లేదా రోజు విడిచి రోజుకి 10 నుంచి 30 లక్షలు, చర్మం కింద. దాదాపు వంద రెట్ల తేడా, నేను పైన రాసిన రిసెప్టర్ పట్టు తేడా కూడా అంతే. కాకతాళీయం కావచ్చు, గుర్తుంచుకోవడానికి బాగుంటుంది.

2011లో రెండు అధ్యయనాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి ఎముక మజ్జ మార్పిడి తర్వాత దాత కణాలు రోగి ఒంటి మీద దాడిచేసే జీవీహెచ్‌డీలో, ఇంకోటి హెపటైటిస్-సి వల్ల రక్తనాళాలు వాచే జబ్బులో. రెండిట్లోనూ ట్రెగ్‌లు పెరిగాయి, చాలామంది రోగులు మెరుగయ్యారు. లూపస్‌లో తర్వాత చైనాలో ట్రయల్స్ జరిగాయి, ఆశాజనకమే కానీ చిన్నవి. లూపస్‌కి ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. బయట ఎవరైనా ఇస్తామంటే, అది ట్రయల్ కాకపోతే, దూరంగా ఉండండి.

#19 ఆధారం_చూపండి

సరే, ఇప్పుడు అసలు మాట అడుగుతా. ఆల్ఫాకి అంటుకుంటే ట్రెగ్‌లు పెరుగుతున్నాయి. ఊపిరితిత్తుల రక్తనాళాల గోడ కణాల మీదా సీడీ25 ఉందని, నీరు కారడానికి అదో కారణమని 2010లో ఎలుకల్లో చూపించారు. అయితే ఆల్ఫాకి అంటని ఐఎల్-2 చేస్తే పోతుంది కదా అని కంపెనీలన్నీ పరుగెత్తాయి. అలా చేసిన బెంపెగాల్డెస్ల్యూకిన్ (బెంపెగ్) ఏమైంది? మెలనోమా ఫేజ్-3లో, టీ కణాల మీది పీడీ-1 అనే బ్రేకును తీసే నివోలుమాబ్‌కి దీన్ని కలిపితే స్పందన 27.7 శాతం, నివోలుమాబ్ ఒక్కటే ఇస్తే 36. కలిపితే తగ్గింది! 2022లో మూసేశారు. అంటే #2లో మీరు చెప్పిన అందమైన కథలో ఏదో తప్పుంది.

#20 లింఫోసైట్

కథ తప్పు కాదు, అందులో ఒక పాత్రని అందరూ మరిచారు. విశ్రాంతిలో ఉన్న సీడీ8 కణం మీద సీడీ25 ఉండదు. కానీ కణితిని గుర్తుపట్టి అప్పుడే ఉత్తేజితమైన సీడీ8 కణం మీద ఉంటుంది. మనకి కావలసిన కణం అదే. ఆల్ఫాని తప్పించిన మందు ట్రెగ్‌లతో పాటు దాన్నీ తప్పించేస్తుంది. రక్తంలో సీడీ8, ఎన్‌కేల లెక్క బ్రహ్మాండంగా పెరుగుతుంది, కణితిలో పని జరగదు.

2022లోనే నేచర్‌లో రెండు పేపర్లు వచ్చాయి. అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో రఫీ అహ్మద్ బృందం ఎలుకల్లో చూపించిందేమిటంటే, పీడీ-1 మందుతో ఐఎల్-2 జత కుదరాలంటే సీడీ25 పట్టు ఉండాల్సిందే. మందుల కంపెనీ రోష్ వాళ్లది ఇంకో దారి: ఆల్ఫా పట్టు తీసేసిన ఐఎల్-2ని పీడీ-1 యాంటీబాడీకి అతికించి, నేరుగా అలసిపోయిన సీడీ8 కణాల దగ్గరికే మోసుకెళ్లారు, అదీ పనిచేసింది. ఒకరు ఆల్ఫా కావాలంటారు, ఒకరు అక్కర్లేదంటారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: మందు ఏ కణానికి చేరిందన్నది. నా ఉద్దేశంలో ఆల్ఫా గురించి వాదించడం కన్నా చేరవేత గురించి ఆలోచించడం మేలు.

#21 ఆధారం_చూపండి

ఎలుకల్లో పనిచేసినవి బెంపెగ్ కూడా చాలా చూపించింది. మనుషుల్లో ఫేజ్-3 వచ్చేదాకా నేను కదలను.

#22 ట్యూమర్‌బోర్డ్

కదలొద్దు, ఎవరో ఒకరు అలా కూర్చోవాలి. కానీ ఐఎల్-2 ఇప్పటికీ గదిలోనే ఉందని మరవకండి. 2024 ఫిబ్రవరిలో మెలనోమాకి లైఫిల్యూసెల్ ఆమోదం పొందింది. రోగి కణితిని కోసి, అందులోకి చొరబడ్డ టీ కణాలను తీసి, ఐఎల్-2లో సుమారు మూడు వారాలు పెంచి, వందల కోట్ల కణాలుగా తిరిగి ఎక్కించడం. పీడీ-1 మందులు పనిచేయని 73 మందిలో 31.5 శాతం స్పందించారు. ఎక్కించే ముందు సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లుడారబిన్ అనే కీమో మందులు ఇచ్చి, ఒంట్లో అప్పటికే ఉన్న లింఫోసైట్లను, అంటే టీ కణాల లాంటి తెల్ల కణాలను, దాదాపు ఖాళీ చేస్తారు. ట్రెగ్‌లూ పోతాయి, ఐఎల్-2 కోసం పోటీపడేవాళ్లూ పోతారు. తర్వాత ఆ పాత ఐఎల్-2నే, ఆరు డోసులదాకా.

#23 రాత్రిడ్యూటీ

ఆరు డోసులా! మళ్లీ ఉంగరాలు తీయించాలన్నమాట.

#24 నాన్నకోసం

అందరికీ ధన్యవాదాలు. నాన్నగారి బీపీ ఇవాళ 158/94, రెండుసార్లు చూశాం. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే రేపు రమ్మన్నారు.

#25 సెమినార్_తిప్పలు

మంచిదండీ, రేపు ఏమన్నారో రాయండి. లింఫోసైట్ గారూ, చివరి ప్రశ్న. ఐఎల్-15 కూడా బీటా-గామానే వాడుకుంటుందట కదా, మరి దానివల్ల ట్రెగ్‌లు ఎందుకు పెద్దగా పెరగవు?

#26 లింఫోసైట్

దాని ఆల్ఫా వేరు కాబట్టి. ఐఎల్-15 సాధారణంగా ఒక కణం మీద ఉన్న తన ఆల్ఫాకి తగులుకుని ఉండి, పక్క కణం బీటా-గామాకి అందుతుంది. సీడీ25తో దానికి పని లేదు, అందుకని ట్రెగ్‌లకి ప్రత్యేక లాభం లేదు. ఎన్‌కే కణాలు, మెమరీ సీడీ8 కణాలు దాని మీద ఆధారపడతాయి. దాన్ని బలపరిచి చేసిన మందు ఒకటి బీసీజీ వైద్యానికి లొంగని మూత్రాశయ క్యాన్సర్‌కి, బీసీజీతోనే కలిపి ఇవ్వడానికి, 2024 ఏప్రిల్‌లో ఆమోదం పొందింది. ఇది పెద్ద విషయం, వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడికి వస్తా. సెమినార్‌లో మాత్రం మొదటి స్లయిడ్ మీద మూడు రకాల కణాలు గీసి, దేనిమీద ఏ రిసెప్టర్ భాగాలున్నాయో రాయండి. మీ మేడమ్ అడిగే ప్రశ్నల్లో సగం అక్కడే తేలిపోతాయి.